ఉప్పునీళ్ళలో పెద్దాయన

కూర్చో. అలా మంచం అంచున కాదు, సరిగ్గా కూర్చో. చెవుల్లో ఆ తెల్ల బుడిపెలు తీసి పక్కన పెట్టు. చెప్పింది చెప్పినట్టు రాయాలంటే ముందు వినాలి కదా. రాయడం చేతకాకపోతే ఫోన్లో రికార్డు పెట్టుకో, తర్వాత నిదానంగా రాసుకుందువుగాని. నేను మాత్రం నిలబడే చెప్తాను. కూర్చుంటే నాకు మాట రాదు, తిరుగుతుంటేనే వస్తుంది.

"అమ్మమ్మా, స్టాప్ వాకింగ్, వాయిస్ కట్ అవుతోంది" అంటే కుదరదు. నువ్వే ఫోను పట్టుకుని నా వెనకాల తిరుగు.

నువ్వడిగింది ఏంటి? కార్న్‌డ్ బీఫ్ శాండ్‌విచ్ చెయ్యడం ఎక్కడ నేర్చుకున్నావు అని. చెయ్యడం నాలుగు ముక్కల్లో అయిపోతుంది. మాంసం, ఉప్పునీళ్ళు, ఓపిక, రొట్టె. అంతే. కానీ అసలు సంగతి అది కాదు. అది మొదలైంది నేను ఈ మంచు దేశం, ఈ విన్నిపెగ్ ఊరు వచ్చిన మొదటి చలికాలంలో. నువ్వప్పుడు చిన్నపిల్లవి, స్కూలు నుంచి వచ్చి బూట్లు ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా విసిరేసేదానివి.

మీ తాతయ్య పోయాక మీ అమ్మ నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. ఇంక ఇక్కడే ఉండిపొమ్మంది. నేనేమో, ఏప్రిల్ దాకా చూస్తాను, నచ్చకపోతే టికెట్ తియ్యి, వెళ్ళిపోతాను అన్నాను. ఏళ్ళ తరబడి ఆసుపత్రి వార్డుల్లో తిరిగిన కాళ్ళు ఇవి. ఇక్కడ తిరగడానికి ఏముంది? ఈ కిటికీ దగ్గరకి పోతే మంచు, ఆ కిటికీ దగ్గరకి పోతే అదే మంచు. మీ అమ్మా నాన్నా ఆఫీసుకి, నువ్వు స్కూలుకి. నేను ఇల్లంతా రౌండ్లు కొట్టేదాన్ని, పేషెంట్లు లేని నర్సులాగా.

బయట చూద్దామంటే, ఆ ఏడు ఏ బస్‌స్టాప్ చూసినా మన పిల్లలే. ఇండియాలో కొనుక్కున్న పల్చటి జాకెట్లు, వీపున బ్యాగులు, నోట్లోంచి పొగ. ఒకడు "షిఫ్ట్ క్యాన్సిల్ చేసిన్రురా" అంటాడు, ఇంకొకడు "మా మేనేజరు ఫోన్ ఎత్తట్లేదు మామా" అంటాడు. చదువుకోడానికి వచ్చి పనులకోసం, గదులకోసం తిరిగేవాళ్ళు పాపం. బేస్‌మెంట్ ఖాళీగా ఉందని మీ అమ్మ ఒక్కరి దగ్గర నోరు జారింది, అంతే, ఇంక ఫోన్లే ఫోన్లు. చివరికి కరీంనగర్ వైపు అమ్మాయికి ఇచ్చింది. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. సన్నగా, కళ్ళజోడుతో, మెట్లు దిగేటప్పుడు కూడా చప్పుడు చెయ్యని పిల్ల.

గది చూడటానికి వచ్చిన రోజు ఆ పిల్ల ఫోను చేతిలో పట్టుకుని, మెల్లగా అడిగింది: "ఆంటీ, మీ ఇంట్ల అది వండరు కదా?"

'అది' అంటే ఏంటో మీ అమ్మకి తెలుసు, నాకూ తెలుసు. మీ అమ్మ తడుముకోకుండా, "అబ్బే, లేదమ్మా, మేం చికెనే" అనేసింది.

ఆ పిల్ల వెళ్ళాక అడిగాను. "ఎందుకే అలా అన్నావు?"

"అలవాటమ్మా. నోట్లోంచి వచ్చేసింది."

"ఈ దేశం వచ్చి కూడానా?"

"ఈ దేశంలోనే ఎక్కువ. ఇక్కడ మనవాళ్ళందరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నారు."

నీకు ఇదేం అర్థం కాదు. నువ్వు బీఫ్ అని ఇంత నోరేసుకుని అంటావు. మన ఇంట్లో ఆ మాట ఎప్పుడూ పైకి అన్లేదు. పెద్దకూర అంటారు మనవైపు. మేమున్నది మిషన్ ఆసుపత్రి క్వార్టర్స్‌లో. ఇటు పక్క మేస్టారు గారు, అటు పక్క కాంపౌండరు గారు. రెండిళ్ళల్లోనూ అది తినరు. మంచివాళ్ళే. మనింట్లో పాలు విరిగితే వాళ్ళింట్లోంచి పాలొచ్చేవి. కానీ ఆ మాట వినపడితే పాలూ ఉండవు, పలకరింపూ ఉండదు. అందుకని మీ తాతయ్య పెద్దకూరని పెద్దాయన చేసేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక బజారు మీదుగా వచ్చి, సంచి చంకలో పెట్టుకుని, గుమ్మంలోంచే "ఏమోయ్, పెద్దాయన వచ్చాడు" అనేవారు. నేను లేచి కిటికీలు మూసేదాన్ని. మే నెల ఎండల్లో కూడా మూసేదాన్ని. వాసన బయటికి పోకూడదని మసాలా రెండింతలు వేసేదాన్ని.

ఒకసారి మేస్టారు గారి భార్య గోడ మీంచి అడిగింది. "ఏమండీ సిస్టరు గారూ, వారం వారం మీ ఇంటికొచ్చే ఆ పెద్దాయన ఎవరండీ? రావడం వినపడుద్ది గానీ, పోవడం ఎప్పుడూ చూళ్ళేదు."

"మా వారి వైపు చుట్టంలెండి. వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోతాడు" అన్నాను.

మీ తాతయ్య లోపల నవ్వు ఆపుకోలేక కంచంలో మొహం దాచుకున్నారు.

నవ్వు. నువ్వూ నవ్వు. మేమూ నవ్వేవాళ్ళం. కానీ ఎన్నేళ్ళు నవ్వుతాం? విమానం ఎక్కేటప్పుడు నేను అనుకున్నది ఒక్కటే, ఇంక కిటికీలు మూసే పని లేదు అని. తీరా ఇక్కడికొస్తే మీ అమ్మ నాకంటే ముందే మూసి పెట్టింది. అందుకే చెప్పేశాను. "ఇక్కడా దాక్కుని తినాలంటే నేను ఏప్రిల్ దాకా కూడా ఉండను. దాక్కోడానికి నాకు నా ఇల్లే చాలు." మీ అమ్మ గిన్నెలు గట్టిగా కడిగింది.

అలాంటి రోజుల్లో ఒకనాడు, నా కళ్ళద్దాల కోసం నన్ను ఊళ్ళోకి తీసుకెళ్ళింది. పని అయ్యాక ఆకలేసింది. పక్క సందులో పాతకాలం డెలి ఒకటి, అంటే వండిన మాంసం కోసి రొట్టెల్లో పెట్టి అమ్మే కొట్టు, కనపడితే దూరాం. లోపల అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. వెనిగరు వాసన, ఆవపిండి వాసన, ఉడికిన మాంసం వాసన. నాకు తల తిరిగినంత పనైంది. క్యూలో బస్సు డ్రైవర్లు, ముసలాళ్ళు, టై కట్టుకున్నవాళ్ళు, అందరూ బల్ల మీదకి వంగి అరుస్తున్నారు, "కార్న్‌డ్ బీఫ్ ఆన్ రై!" అని. వాసన తలుపు తీసినప్పుడల్లా వీధిలోకి పోతోంది, ఎవరికీ పట్టలేదు. మా వంతు వచ్చింది. మీ అమ్మ వంగి, గుసగుసగా ఏదో అంది.

ఆ బల్ల వెనక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వాట్? లౌడర్, డియర్, లౌడర్!" అన్నాడు.

మీ అమ్మ చెవులు ఎర్రబడిపోయాయి. నాకు ఒళ్ళు మండింది. నేను బల్ల మీద చెయ్యేసి, "బీఫ్! టూ!" అన్నాను. అంతే, నాకొచ్చిన ఇంగ్లీషు అక్కడికి సరిపోయింది.

ఎర్రగా, వేడిగా, సన్నటి పొరలు పొరలుగా ఇంత ఎత్తున పేర్చి తెచ్చాడు. కింద మీద జీలకర్రలాంటి గింజలున్న పుల్ల రొట్టె, రై అంటే అదేనట, మధ్యలో ఘాటైన ఆవపిండి ముద్ద, పక్కన పుల్ల దోసకాయ. నేను రొట్టె ఎత్తి లోపల వెతికాను. "మొక్కజొన్న ఏదే? కార్న్ అన్నారుగా?" మీ అమ్మ ఫోన్లో చూసి చెప్పింది, కార్న్ అంటే ఇక్కడ గల్లుప్పు గింజ అంట. ఉప్పులో ఊరబెట్టిన మాంసం అన్నమాట. ఓసి ఇంతేనా అనుకున్నాను. మా నాయనమ్మ ఉప్పు రాసి దండెం మీద ఎండబెట్టిన తునకలకి ఇది చల్లదేశం చుట్టం. కానీ నోట్లో పెట్టుకుంటే, తల్లీ, పోగులు పోగులుగా విడిపోయింది. నమలాల్సిన పనే లేదు. తునకలైతే దవడలు పడిపోవాలి.

ఆ రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. మళ్ళీ తీసుకెళ్ళు అంటే మీ అమ్మకి టైము లేదు. బస్సులో నేనే పోతాను అంటే మైనస్ ముప్ఫైలో ఎక్కడికమ్మా అంటుంది. సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ తెస్తే చెప్పు అట్ట నమిలినట్టుంది. ఇంక లాభం లేదు, నేనే చేస్తాను అన్నాను. మీ అమ్మ వద్దంది, కింద ఆ పిల్ల ఉంది, వాసనొస్తుంది అంది. మీ నాన్నని పట్టుకున్నాను. "అత్తయ్య గారూ, నన్ను మధ్యలో ఇరికించకండి" అంటూనే బ్రిస్కెట్ ముక్క తెచ్చారు. అంటే ఛాతీ మాంసం. తెచ్చింది ఎందులో? నల్ల చెత్త సంచిలో చుట్టి, గ్యారేజీ తలుపులోంచి. దొంగసొత్తు తెచ్చినట్టు!

ఉప్పు, కాస్త చక్కెర, మిరియాలు, ఆవాలు, ధనియాలు, లవంగాలు, బిర్యానీ ఆకు, వెల్లుల్లి. అన్నీ మన పోపుల పెట్టెలోవే. నీళ్ళలో మరగబెట్టి, బాగా చల్లార్చి, మాంసం అందులో ముంచాలి. ఇంకోటి, ఫోన్లో చూసిన వంట వీడియోలో పింక్ సాల్ట్ వెయ్యాలన్నారు. మనింట్లో ఉంది కదా, హిమాలయాల గులాబీ ఉప్పు, వేశాను. బక్కెట్టుకి మూత పెట్టి, ఎక్కడ పెట్టాలి? పైన ఫ్రిజ్‌లో చోటు లేదు. కింద బట్టలుతికే గదిలో రెండో ఫ్రిజ్ ఉంది కదా, అందులో అడుగు అరలో దాచి, పైన తువ్వాలు కప్పాను. రోజూ వెళ్ళి ఒకసారి అటూ ఇటూ తిప్పాలి.

ఇప్పుడు విను, అసలు తమాషా ఇక్కడే ఉంది. ఈ ఇళ్ళల్లో వేడిగాలి నేలలో జాలీల్లోంచి వస్తుంది చూడు. గాలి పైకొస్తే మాట కిందికి పోతుంది. నాకేం తెలుసు! సాయంత్రం మీ అమ్మ ఆఫీసు నుంచి రాగానే వంటింట్లో నిలబడి మా మాటలు ఇలా ఉండేవి.

"అమ్మా, పెద్దాయన్ని తిప్పావా?"

"పొద్దున్నే తిప్పాను. ఒక పక్క మెత్తబడ్డాడు. రెండో పక్క ఇంకా బిగుసుకునే ఉన్నాడు."

"మూత సరిగ్గా పెట్టావా?"

"మూత పెట్టి పైన బరువు కూడా పెట్టాను, పైకి లేస్తున్నాడని."

"ఇంకెన్నాళ్ళు?"

"ఆదివారంతో సరి. ఇంకా ఉంచితే పాడైపోతాడు."

శుక్రవారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఉన్నాను. తలుపు కొట్టిన చప్పుడు. తీస్తే ఆ పిల్ల, చేతిలో కమలాపళ్ళ పెట్టె. కళ్ళు వాచి ఉన్నాయి.

"అమ్మమ్మా, పెద్దాయనకు ఎట్లుంది?"

నాకు ఒక్క క్షణం మీ తాతయ్య గురించి అడుగుతోందేమో అనిపించింది.

"మంచాన ఉన్న మనిషి ఇంట్ల ఉన్నడని నాకు తెల్వదు అమ్మమ్మా. రెండు రోజుల సంది పాటలు గూడ పెడ్తలేను, పెద్దాయన నిద్ర చెడుతదని. మీరు నర్సు కదా, తిప్పుతున్నరు, మంచిగనే చూస్తున్నరు." పళ్ళ పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఆ మూత వెట్టి బరువు వెట్టుడు మాత్రం నాకు సమజ్ కాలే."

పళ్ళు తెచ్చింది! జబ్బు మనిషిని చూడటానికి వట్టి చేతులతో రాకూడదని, ఆ చలిలో కొట్టుకి నడిచి వెళ్ళి తెచ్చింది. నవ్వు గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. "నిద్రపోతున్నాడమ్మా" అంటే అయిపోయేది. గోడ మీంచి మేస్టారు గారి భార్యకి చెప్పినట్టు ఏదో ఒకటి చెప్పేయొచ్చు. నాలుక మీదకి వచ్చింది కూడా. కానీ ఆ పళ్ళు పట్టుకుని ఎలా చెప్తాను? లేని ముసలాయనకి తెచ్చిన పళ్ళు నా చేత్తో ఎలా తీసుకుంటాను?

"పెద్దాయన పైన లేడు. నీ పక్క గదిలోనే ఉన్నాడు, రా" అన్నాను.

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా వచ్చింది పాపం. ఫ్రిజ్ తెరిచి, తువ్వాలు తీసి, మూత ఎత్తాను. "ఇదమ్మా సంగతి. ఇది బీఫ్. మేం తింటాం. మా అమ్మాయి నీతో అబద్ధం చెప్పింది. నువ్వు వెళ్ళిపోతానంటే నేనేం అనను."

ముక్కు మూసుకుంటుంది, ఏడుస్తుంది, గదిలోకి పోయి బ్యాగు సర్దుకుంటుంది అనుకున్నాను. ఆ పిల్ల కళ్ళజోడు పైకి తోసుకుని, వంగి, బక్కెట్లోకి చూసింది.

"బ్రిస్కెట్" అంది. "మంచి ముక్కనే. పింక్ సాల్ట్ ఎయ్యలేదా అమ్మమ్మా?"

"ఎందుకు వెయ్యలేదు? హిమాలయాలది, ఇంత వేశాను."

"అది వేరే, మాంసం ఊరవెట్టెతందుకు కలిపిన ఉప్పు. ఇది వట్టి గులాబి రంగు ఉప్పే. మాంసానికి ఎరుపు రాదు, బూడిద రంగొస్తది" అంటూ అంటూ, ఠక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

బట్టల మిషను మీద కూర్చుని చెప్పింది. వచ్చిన మొదటి నెలలో దొరికిన ఒకే ఒక్క పని డెలి కౌంటర్లో. రోజూ కార్న్‌డ్ బీఫ్ కొయ్యడమే పని. తినదు, ముట్టుకుంటే గ్లవ్స్ తోనే. ఊళ్ళో వాళ్ళింట్లో మాత్రం బేకరీ అని చెప్పింది. పని నుంచి వచ్చి ఎవరికీ కనపడకుండా పక్క తలుపులోంచి దిగి, ముందు స్నానం చేసి, నిమ్మకాయతో చేతులు రుద్దుకుంటుందట, మనకి వాసన తగిలితే ఖాళీ చెయ్యమంటామని.

"మరి మొదటి రోజు, అది వండరు కదా అని నువ్వే అడిగావు కదే?"

"అమ్మ ఫోన్ల ఉండె. అమ్మ అడగమంటె అడిగిన. మీరు లేదనంగనే నాకు భయమైంది. అయ్యో, వీళ్ళకు తెలిస్తె నన్ను ఉంచరు అని."

చూడు మరి. పైన మేం దాక్కుంటున్నాం, కింద తను దాక్కుంటోంది. మధ్యలో ఒక్క చెక్క నేల.

"మా అమ్మకు మాత్రం తెల్వద్దు అమ్మమ్మా. రమ్మంటది. చదువు మధ్యల ఆపి వచ్చెయ్‌మంటది."

"మీ అమ్మ సంగతి నీ ఇష్టం. నేను నా సంగతే చెప్పాను" అన్నాను.

ఆ పిల్లకి నిజం చెప్పేశానని మీ అమ్మకి చెప్తే సంతోషిస్తుందనుకున్నాను. కోటు కూడా విప్పకుండా నా మీద పడింది. "ఎందుకు చెప్పావమ్మా? వాళ్ళమ్మ ఎవరితోనో అంటుంది, ఆవిడ ఇంకొకళ్ళతో అంటుంది, సాయంత్రానికి గ్రూపులో ఉంటుంది. రేపు దీని పుట్టినరోజుకి ఎవరొస్తారు? నీకేం, ఏప్రిల్‌లో వెళ్ళిపోతానంటావు. ఇక్కడ ఉండాల్సింది నేను."

"ఎవరు రాకపోతే వాళ్ళ కేకు మనమే తింటాం."

"జోకులొద్దు. అయిదో క్లాసులో నా బాక్సు చూసి పక్కపిల్ల కంచం తీసుకుని లేచిపోయింది. ఆ ఏడాదంతా ఒక్కదాన్నే తిన్నాను. నీకు తెలుసా?"

తెలీదు. ఆ రోజే విన్నాను.  నేను కిటికీలు మూస్తూ పోయిన ఆ ఏళ్ళల్లో ఈ పిల్ల ఎక్కడో చెట్టుకింద ఒక్కతే బాక్సు తెరుచుకుని కూర్చుంది. ఆ రెండు రోజులూ ఇంట్లో నేను ఒక గది, మీ అమ్మ ఒక గది. నేను టికెట్ గురించి మళ్ళీ ఎత్తలేదు గానీ, సూట్‌కేసు మాత్రం మంచం కింద నుంచి లాగి తుడిచి పెట్టాను.

ఆదివారం వచ్చింది. చర్చి నుంచి రాగానే మాంసం కడిగి, మంచినీళ్ళలో సన్నసెగన పెట్టాను. మూడు గంటలు పైనే పట్టింది. ఇల్లంతా వాసన. మీ అమ్మ పొయ్యి పైన ఫ్యాను ఫుల్లుగా పెట్టింది, కొవ్వొత్తులు వెలిగించింది, అగరొత్తి కూడా వెతికింది. కిటికీలు చలికి ఎలాగూ మూసే ఉన్నాయి, అయినా వెళ్ళి గడియలు నొక్కి చూసింది. నేను చూస్తూ ఊరుకున్నాను.

సాయంత్రం ఆ పిల్ల పైకొచ్చింది. "ఎట్ల కోస్తరో చూద్దామని వచ్చిన" అంది. నేను కత్తి తీసుకుని నిలువుగా పెట్టాను.

"అట్ల కాదమ్మమ్మా! పోగుకు అడ్డం కొయ్యాలె."

"తునకలు నిలువునే కోస్తారమ్మా, నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను."

"అది ఎండవెట్టెతందుకు. ఇది రొట్టెల పెట్టెతందుకు. ఇయ్యి ఇటు."

కత్తి లాగేసుకుంది. పొగలు వస్తున్న ముక్కని అలా అదిమి పట్టుకుని, పొర మీద పొర, చక చకా. మీ అమ్మ కూడా దగ్గరకొచ్చి నిలబడింది. సరిగ్గా అప్పుడు బల్ల మీద ఆ పిల్ల ఫోను మోగింది. అక్కడ తెల్లారే వేళ. వాళ్ళమ్మ వీడియో కాల్. ఆ పిల్ల చేతులకి కొవ్వు. "ఉండనియ్యి, తర్వాత చేస్త" అంటోంది. ఇంతలో నువ్వు! ఆ, నువ్వే! కుర్చీ ఎక్కి ఆ పచ్చ బొత్తాం నొక్కేశావు. నొక్కి, "హాయ్ ఆంటీ!" అన్నావు.

"ఐ డోంట్ రిమెంబర్" అనకు. నాకు గుర్తుంది.

ఫోన్లో ఆవిడ, భుజాన తువ్వాలు, చేతిలో చాయ్ గ్లాసు. "ఏం చేస్తున్నవ్ బిడ్డా? ఏందది కోస్తున్నవ్? మటనా?"

మీ అమ్మ ఫోనుకి కనపడకుండా నిలబడి పెదవులు కదుపుతోంది, మటన్ అను, మటన్ అను అని. నేనూ అనేయగలను. పెద్దదాన్ని, నేనంటే ఆవిడ నమ్మేస్తుంది. కానీ ఆ తల్లి ఆ పిల్లది. అబద్ధమైనా నిజమైనా ఆ పిల్లే చెప్పాలి. నోరు మూసుకుని నిలబడ్డాను. నా జన్మలో అంత కష్టపడి ఎప్పుడూ నోరు మూసుకోలేదు.

"మటన్ కాదమ్మా" అంది ఆ పిల్ల.

"మరేంది?"

"పని కాడ కోసేదే. బేకరీ కాదు. మొదటి సంది మాంసం కౌంటర్లనే చేస్తున్న."

"ఏ మాంసం?"

"పెద్దదే."

 పైన ఫ్యాను గుయ్యిమని తిరుగుతోంది. ఫోన్లో ఎక్కడో కోడి కూసింది. ఆవిడ చాయ్ గ్లాసు కింద పెట్టడం కనపడింది, మళ్ళీ తియ్యడం కనపడింది.

"నువ్వు తింటున్నవా?"

"తింటలే. కోస్త, అంతే."

"ఆ ఇంటోళ్ళు?"

ఆ పిల్ల మా వైపు చూసింది. అప్పుడు మీ అమ్మ, పెదవులు కదిపిన మీ అమ్మే, ఫోను ముందుకొచ్చి నిలబడింది.  "మేం తింటామండీ. ఆ రోజు మీకు లేదని చెప్పాను. తప్పుగా చెప్పాను" అంది.

ఆవిడ మీ అమ్మనే చూసింది. ఏమనుకుందో నాకు ఇప్పటికీ తెలీదు. చివరికి కూతురితో అంది, "చెయ్యి పైలం బిడ్డా. ఆ కత్తి మస్తు పెద్దగున్నది. మీ నాయనకు నేను చెప్త, నువ్వు చెప్పకు." ఫోను పెట్టేసింది.

ఆ పిల్ల మళ్ళీ కత్తి తీసుకుంది. ఆ తర్వాత కోసిన ముక్క ఒకటి ఇంత మందంగా వచ్చింది.  మీ అమ్మ వెళ్ళి పొయ్యి పైన ఫ్యాను ఆపేసింది. ఒక్కసారిగా ఇల్లంతా నిశ్శబ్దం. వాసన మాత్రం ఎక్కడికక్కడ నిలబడింది.

ఎలా ఉందా? అబ్బ, ఏం చెప్పను! ఆ పిల్ల అన్నట్టే బూడిద రంగు. ఉప్పు కాస్త ఎక్కువైంది. రొట్టె మెత్తటిది తెచ్చారు మీ నాన్న, రసానికి తడిసి విడిపోయింది. ఆ డెలి ముసలాయన చేతిది కాదు, దాని దరిదాపుల్లో కూడా లేదు. ఇప్పటికీ లేదు. ఎన్నిసార్లు చేశాను, అసలు ఉప్పు తెప్పించాను, రొట్టె మార్చాను, ఇంకా ఏదో ఒకటి తక్కువే. ఆ పిల్ల వేరే గిన్నెలో ఉడికించిన ఆలుగడ్డ, ఆవపిండి, పుల్ల దోసకాయ పెట్టుకుని ఒట్టి రొట్టె తింది. మా పక్కనే, అదే బల్ల మీద. నేను తినమనలేదు, తను తిననని చెప్పాల్సిన పనీ పడలేదు.

తర్వాతా? వాళ్ళమ్మ వారం పైనే ఫోను చెయ్యలేదు. ఆ వారమంతా ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఫోను వంక చూసుకునేది, నేను మెట్లు ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ. ఒకరోజు చేసింది. మంచు ఎంత పడిందని అడిగిందట, అంతే. రమ్మని మాత్రం అనలేదు. చదువయ్యేదాకా మన ఇంట్లోనే ఉంది, తర్వాత వాంకూవర్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళింది. గ్రూపులో ఎవరేమన్నారో మీ అమ్మ నాకు చెప్పలేదు. నీ పుట్టినరోజుకి రెండు కుటుంబాలు రాలేదు. మిగతావాళ్ళు వచ్చారు.

ఆ ఆదివారమే, గిన్నెలు కడుగుతూ మీ అమ్మ నా వంక చూడకుండా అడిగింది, "సూట్‌కేసు తుడిచావు కదా, టికెట్ ఎప్పటికి చూడమంటావు?" అని. నేను తువ్వాలు పట్టుకుని పళ్ళాలు తుడుస్తున్నాను. ఒక పళ్ళెం తుడిచాను, ఇంకోటి తుడిచాను. అప్పుడు నేనేమన్నానంటే, చూడు, ఆ ఫ్యాను ఆగి ఉన్నంత కాలం ఆ టికెట్

"అమ్మా! బీఫ్ చల్లారిపోతోంది! ఇద్దరూ కిందికొస్తారా, మేం తినెయ్యమా?"

ఆఁ, వస్తున్నాం, వస్తున్నాం! ఊరంతా వినపడేలా ఏంటే ఆ కేకలు! విన్నావుగా మీ అమ్మని. పద తల్లీ, ఫోను తీసుకుని పద, నడుస్తూ చెప్తాను. ఏమన్నానంటే, మీ అమ్మతో నేను